మూడో గోల్ దగ్గరే ముప్పు: ఏడు వరుస ఓటముల లెక్క

2025 జూన్ 7 నుంచి 21 వరకు, పదిహేను రోజుల్లో భారత పురుషుల హాకీ జట్టు ఏడు మ్యాచ్‌లు ఆడి ఏడూ ఓడింది. పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం మెడలో వేసుకుని అప్పటికి పది నెలలే. ఎఫ్‌ఐహెచ్ ప్రో లీగ్ యూరప్ అంచెకు బయల్దేరేటప్పుడు జట్టు ఖాతాలో 8 మ్యాచ్‌లకు 15 పాయింట్లున్నాయి. తిరిగొచ్చేసరికి 16 మ్యాచ్‌లకు 18. తొమ్మిది జట్ల పట్టికలో ఎనిమిదో స్థానం.

అభిమానులకు కడుపు మండింది. మండితే నింద ఎవరో ఒకరి మీద పడాలి కదా. గోల్‌కీపర్ శ్రీజేష్ లేకపోవడమే కారణమని కొందరు, గోల్స్ కొట్టేవాడు ఒక్కడే అయితే ఇంతేనని కొందరు, కోచ్‌ను మార్చాల్సిందేనని ఇంకొందరు అన్నారు. అదృష్టం కలిసిరాలేదని సర్దిచెప్పినవాళ్లూ ఉన్నారు. 2012 లండన్ మళ్లీ మొదలైందని భయపడ్డవాళ్లకూ కొదవ లేదు. ప్రతి వాదనలోనూ కొంత నిజం ఉంది. ఎంత ఉందో స్కోర్లు పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు ఆ ఎనిమిది మ్యాచ్‌లు (భారత్ గోల్స్ ముందు):

నెదర్లాండ్స్‌తో 1-2, 2-3
అర్జెంటీనాతో 3-4, 1-2
ఆస్ట్రేలియాతో 2-3, 2-3
బెల్జియంతో 3-6, 4-3

జూన్ 22న బెల్జియంపై 4-3తో గెలిచాక గానీ వరుస తెగలేదు. అదీ ఆఖరి నిమిషాల్లో కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ కొట్టిన పెనాల్టీ స్ట్రోక్‌తో. ఏడు ఓటముల్లో ఆరు ఒక్క గోల్ తేడాతో వచ్చినవే. చిత్తుగా ఓడింది ఒక్కసారే, 3-6తో.

ప్రత్యర్థులెవరో కూడా గుర్తుంచుకోవాలి. 2016 రియో స్వర్ణం అర్జెంటీనాది, టోక్యో స్వర్ణం బెల్జియంది, పారిస్ స్వర్ణం నెదర్లాండ్స్‌ది. టోక్యోలో రజతం ఆస్ట్రేలియాది. ఈ నాలుగు జట్లతోనే పదహారు రోజుల్లో ఎనిమిది మ్యాచ్‌లు పడ్డాయి.

శ్రీజేష్ వెళ్లిపోయాడు కాబట్టేనా?

పీఆర్ శ్రీజేష్ పారిస్ కాంస్యంతోనే ఆటకు వీడ్కోలు పలికాడు. టోక్యోలో జర్మనీతో కాంస్య పోరు 5-4 దగ్గర ఉండగా, ఆఖరి సెకన్లలో పెనాల్టీ కార్నర్‌ను ఆపింది అతనే. పారిస్ క్వార్టర్ ఫైనల్ షూటౌట్‌లో గ్రేట్ బ్రిటన్‌కు అడ్డుగోడగా నిలిచిందీ అతనే. అలాంటివాడు పోతే లోటు లేదని ఎవరూ అనరు.

పైపైన చూస్తే లెక్క కూడా ఈ వాదన వైపే ఉంది. పారిస్‌లో 8 మ్యాచ్‌ల్లో భారత్ ఇచ్చిన గోల్స్ 12, మ్యాచ్‌కు 1.5. యూరప్‌లో 8 మ్యాచ్‌ల్లో 26, మ్యాచ్‌కు 3.25. రెట్టింపు దాటింది.

అయితే ఈ రెండింటి మధ్య ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో ఆడిన ఎనిమిది ప్రో లీగ్ మ్యాచ్‌లున్నాయి. స్పెయిన్‌తో 1-3, 2-0. జర్మనీతో 1-4, 1-0. ఐర్లాండ్‌తో 3-1, 4-0. ఇంగ్లండ్‌తో 2-3, 2-1. అప్పటికే శ్రీజేష్ లేడు. గోల్‌పోస్టుల మధ్య బాధ్యత కృషన్ పాఠక్, సూరజ్ కర్కేరాలకు వచ్చింది. ఆ ఎనిమిది మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ ఎన్ని? సరిగ్గా 12. మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

అంటే శ్రీజేష్ లేకుండానే పారిస్ సగటు నిలబడింది. అతను లేకపోవడమే అసలు జబ్బయితే ఆ లక్షణాలు ఫిబ్రవరిలోనే బయటపడాలి. సొంతగడ్డ, కాస్త తేలికైన ప్రత్యర్థులు కలిసొచ్చాయనడం న్యాయమే. అయినా ఆ నలుగురిలో జర్మనీ పారిస్ రజత విజేత, స్పెయిన్ నాలుగో స్థానం జట్టు. కాబట్టి ఈ వాదనకు సగం మార్కులే.

గోల్స్ కొట్టేవాళ్లు లేరా?

ఇది అన్నిటికన్నా గట్టిగా వినిపించే ఫిర్యాదు. పారిస్‌లో భారత్ కొట్టిన 15 గోల్స్‌లో 10 హర్మన్‌ప్రీత్‌వే. వాటిలో ఏడు పెనాల్టీ కార్నర్ల నుంచి, మూడు పెనాల్టీ స్ట్రోకుల నుంచి వచ్చాయి. జట్టు గోల్స్‌లో మూడింట రెండు వంతులు ఒక్క డిఫెండర్ కర్ర నుంచే వస్తుంటే ఫార్వర్డ్‌లు ఏం చేస్తున్నట్టని అభిమాని అడగడం సహజం. పైగా యూరప్‌లో వేలి గాయంతో కెప్టెన్ మధ్యలో కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడు.

కానీ యూరప్ గోల్స్ లెక్క ఈ వాదనకు పూర్తిగా ఎదురు తిరుగుతుంది. అక్కడి 8 మ్యాచ్‌ల్లో భారత్ 18 గోల్స్ కొట్టింది, మ్యాచ్‌కు 2.25. పారిస్‌లో 15 (1.88), భువనేశ్వర్‌లో 16 (2.0). మూడింటిలో ఎక్కువ గోల్స్ పడింది ఓడిన యూరప్ అంచెలోనే! ఏ మ్యాచ్‌లోనూ ఖాతా తెరవకుండా మిగల్లేదు. ఎనిమిదింటిలో ఆరు మ్యాచ్‌ల్లో రెండు, అంతకు మించి కొట్టింది. ఆస్ట్రేలియాతో తొలి మ్యాచ్‌లో అభిషేక్ రెండు గోల్స్ కొట్టాడు, బెల్జియంపై గెలిచిన మ్యాచ్‌లో సుఖ్‌జీత్ సింగ్ రెండు కొట్టాడు. ఇద్దరూ ఫార్వర్డ్‌లే.

ప్రత్యర్థులు మారారు కాబట్టి పోలిక కుదరదనేవాళ్లకు మరో లెక్క. పారిస్‌లోనూ యూరప్‌లోనూ భారత్‌కు ఎదురైన జట్లు మూడు: అర్జెంటీనా, ఆస్ట్రేలియా, బెల్జియం. పారిస్‌లో వాటితో మూడు మ్యాచ్‌లు: 1-1, 3-2, 1-2. మొత్తం 5 కొట్టి 5 ఇచ్చింది. యూరప్‌లో అవే జట్లతో ఆరు మ్యాచ్‌ల్లో 15 కొట్టి 21 ఇచ్చింది. కొట్టిన సగటు 1.67 నుంచి 2.5కు పెరిగింది. ఇచ్చిన సగటు 1.67 నుంచి 3.5కు ఎగబాకింది. దాడి మెరుగుపడింది, డిఫెన్స్ అంతకు మించి దిగజారింది.

అదృష్టం బాగోలేకనా?

ఒక్క గోల్ తేడా ఓటముల్లో అదృష్టానికి చోటుంటుంది. పోస్టుకు తగిలి వెనక్కొచ్చిన బంతి, కాలికి తగిలిందో లేదో తేలని నిర్ణయం, అప్పటికే వాడేసుకున్న రిఫరల్, ఇవన్నీ ఆటలో భాగమే.

ఎంత చోటో కూడా లెక్కేయొచ్చు. యూరప్‌లో ఒక్క గోల్ తేడాతో తేలిన మ్యాచ్‌లు ఏడు: ఆరు ఓటములు, ఒక గెలుపు. ఒక్కోదాన్నీ బొమ్మా బొరుసా అనుకుంటే, ఏడింటిలో ఒకటి గానీ అసలేమీ గానీ గెలవని పరిస్థితి సగటున పదహారు సార్లలో ఒకసారి వస్తుంది. అరుదే గానీ అసాధ్యం కాదు. ఆ ఆరింటిలో సగం ఇటు తిరిగి ఉంటే భారత్‌కు మరో 9 పాయింట్లు, మొత్తం 27 ఉండేవి. అప్పుడు ఇదే ఆటను చూసి ఎవరూ రాజీనామాలు అడిగేవారు కాదు.

కాబట్టి ఏడు వరుస ఓటములు అనే మాట ఎంత భయంకరంగా వినిపిస్తుందో ఆట అంత భయంకరంగా లేదు. 16 మ్యాచ్‌ల సీజన్‌లో భారత్ 34 గోల్స్ కొట్టి 38 ఇచ్చింది. తేడా నాలుగంటే నాలుగు. అయితే అంతా దురదృష్టమేనని దులిపేసుకోవడానికీ వీల్లేదు. మ్యాచ్‌కు మూడు గోల్స్ పైన ఇస్తూ పోయే జట్టు ప్రతిసారీ అదృష్టాన్ని పిలవాల్సిందే. ప్రతిసారీ అది రాదు.

2012 మళ్లీ వచ్చిందా?

లండన్ ఒలింపిక్స్ గుర్తున్నవాళ్లకు ఈ భయం సహజం. నెదర్లాండ్స్ చేతిలో 2-3, న్యూజిలాండ్ చేతిలో 1-3, జర్మనీ చేతిలో 2-5, దక్షిణ కొరియా చేతిలో 1-4, బెల్జియం చేతిలో 0-3. చివరికి 11వ స్థానం కోసం ఆడిన మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా చేతిలోనూ 2-3. ఆరుకు ఆరు ఓడి, ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాల దేశం పన్నెండు జట్లలో పన్నెండోదైంది.

అప్పుడు ఇచ్చిన గోల్స్ 21, మ్యాచ్‌కు 3.5. యూరప్ 2025 సగటు 3.25. ఈ ఒక్క అంకె నిజంగానే లండన్‌ను తలపిస్తుంది, అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ లండన్‌లో కొట్టినవి 8 మాత్రమే, మ్యాచ్‌కు 1.33. ఆరు ఓటముల్లో ఒక్క గోల్ తేడావి రెండే. అప్పటి జట్టుకు కొట్టడమూ రాలేదు, ఆపడమూ రాలేదు. 2025 జట్టుకు వచ్చిన చిక్కు ఆపడంలోనే.

పచ్చికను వదిలి ఆస్ట్రోటర్ఫ్‌కు వెళ్లడమే మన పతనానికి కారణమన్న పాత వాదన కూడా ఇలాంటప్పుడు తప్పక తలెత్తుతుంది. 1976 మాంట్రియల్‌లో తొలిసారి కృత్రిమ టర్ఫ్‌పై ఒలింపిక్ హాకీ జరిగినప్పుడు భారత్ ఏడో స్థానంలో నిలిచిన మాట నిజం. 1980 మాస్కో స్వర్ణం తర్వాత పతకానికి 41 ఏళ్లు పట్టిన మాటా నిజం. అయితే ఇప్పటి ఆటగాళ్లు టర్ఫ్ మీదే ఎదిగినవాళ్లు, వరుసగా రెండు ఒలింపిక్ కాంస్యాలు తెచ్చిందీ దానిమీదే. 2025 ఓటమికి 1976ను సాకుగా చూపడం కుదరదు.

కోచ్‌ను మార్చేస్తే?

ఓడిన జట్టు అభిమానులకు ముందుగా తోచే మందు ఇదే. మన హాకీ దీన్ని మోతాదుకు మించి వాడి చూసింది కూడా. 2011 నుంచి 2019 ఆరంభం వరకు మైఖేల్ నాబ్స్, టెర్రీ వాల్ష్, పాల్ వాన్ ఆస్, రోలంట్ ఓల్ట్‌మన్స్, షోర్డ్ మరీన్, హరేంద్ర సింగ్ వరుసగా వచ్చి వెళ్లారు. సుమారు ఎనిమిదేళ్లలో ఆరుగురు. ఈ మధ్యలో జరిగిన రెండు ఒలింపిక్స్‌లో పతకం లేదు: లండన్‌లో 12వ స్థానం, రియోలో 8వ స్థానం.

2019లో వచ్చిన గ్రాహం రీడ్‌కు దాదాపు నాలుగేళ్లు దొరికాయి. టోక్యో కాంస్యం వచ్చింది. 2023 ప్రపంచకప్‌లో సొంతగడ్డపై తొమ్మిదో స్థానానికి పడిపోవడంతో అతను రాజీనామా చేశాడు. తర్వాత వచ్చిన క్రెయిగ్ ఫుల్టన్ హయాంలో పారిస్ కాంస్యం. ఎనిమిదేళ్లలో ఆరుగురు మారితే ఒలింపిక్ పతకాలు సున్నా, ఆ తర్వాత ఇద్దరు కుదురుగా పనిచేస్తే రెండు. కుదురు ఒక్కటే పతకం తేదు, నిజమే. కానీ మార్పు తెస్తుందనడానికి మాత్రం మన చరిత్రలో ఆధారం దొరకదు.

ఇక్కడ ఫుల్టన్‌ను అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. టోక్యో స్వర్ణం గెలిచిన బెల్జియం శిక్షణ బృందంలో పనిచేసి వచ్చిన మనిషి ఆయన. ముందు డిఫెన్స్ గట్టి చేసుకుని గెలవడమే ఆయన పద్ధతి. ఆ పద్ధతితో ఆడే జట్టు ఎనిమిది మ్యాచ్‌ల్లో 26 గోల్స్ ఎందుకిచ్చింది? ఉద్యోగం తీసేయాలన్న డిమాండ్ కన్నా ఈ ప్రశ్నే పదునైనది.

అసలు గీత ఎక్కడుంది?

పారిస్, భువనేశ్వర్, యూరప్ మూడూ కలిపితే 24 మ్యాచ్‌లు. వాటిని భారత్ ఎన్ని గోల్స్ ఇచ్చిందన్న ఒక్క లెక్కతో రెండు కుప్పలు చేస్తే విషయం తేటపడుతుంది.

రెండు గానీ అంతకు తక్కువ గానీ ఇచ్చిన మ్యాచ్‌లు 14. వాటిలో గెలుపులు 9, డ్రాలు 2, ఓటములు 3.

మూడు గానీ అంతకు ఎక్కువ గానీ ఇచ్చిన మ్యాచ్‌లు 10. వాటిలో గెలుపు 1, ఓటములు 9.

ఆ ఒక్క గెలుపు బెల్జియంపై 4-3. ఆ రెండు డ్రాల్లో ఒకటి గ్రేట్ బ్రిటన్‌తో, అదీ షూటౌట్‌లో 4-2తో మనదే అయింది. పారిస్‌లో మూడో గోల్ పడిన మ్యాచ్ ఒక్కటే, అదే జర్మనీతో ఓడిన సెమీస్. భువనేశ్వర్‌లో మూడో గోల్ పడిన మ్యాచ్‌లు మూడు, ఓడినవీ ఆ మూడే. యూరప్‌లో ఎనిమిదింటిలో ఆరుసార్లు మూడో గోల్ పడింది.

మినహాయింపులు లేకపోలేదు. టోక్యో కాంస్య పోరులో నాలుగు ఇచ్చి ఐదు కొట్టి గెలిచాం. కానీ ప్రతి మ్యాచ్‌నూ అలా గెలవగల జట్టు ప్రపంచంలోనే లేదు. రెండు గోల్స్ కొట్టడం ఈ జట్టుకు అలవాటు. మూడోది పడనీయకుండా ఉండటమే గెలుపోటముల మధ్య గీత.

మూడో గోల్ ఎలా పడుతుంది?

హాకీ మ్యాచ్ 60 నిమిషాలు, 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు. స్కోరు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ఆఖరి క్వార్టర్‌లోనే అసలు పరీక్ష. యూరప్ అంచె తొలి మ్యాచ్‌నే తీసుకోండి: నెదర్లాండ్స్‌తో 1-1గా సాగుతుంటే 58వ నిమిషంలో వాన్ డామ్ కొట్టిన గోల్‌తో చేతికందిన డ్రా జారిపోయింది. పారిస్ సెమీస్‌లోనూ 2-2 దగ్గర 54వ నిమిషంలో జర్మనీ గెలుపు గోల్ కొట్టింది.

అలసట వచ్చేకొద్దీ ముందు తగ్గేది పరుగు కాదు, బంతిని దగ్గర ఉంచుకునే నేర్పు. మన 23 మీటర్ల గీత లోపల బంతి పోగొట్టుకుంటే ప్రత్యర్థి మూడు నాలుగు అడుగుల్లో సర్కిల్‌లో ఉంటాడు. అక్కడ డిఫెండర్ కాలికి బంతి తగిలినా, కర్ర అడ్డుపెట్టడం ఆలస్యమైనా పెనాల్టీ కార్నరే. కార్నర్‌ను ఆపడానికి గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే ఉంటారు, మిగిలిన ఆరుగురూ మైదానం మధ్య గీత దాకా వెళ్లిపోవాలి. గోల్ వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. ఎదురుగా మేటి డ్రాగ్ ఫ్లికర్ ఉంటే ఆ ఖాళీ చాలు. అందుకే మంచి డిఫెన్స్ అంటే కార్నర్ ఆపడం కన్నా ముందు కార్నర్ ఇవ్వకపోవడం.

రెండోది కార్డులు. ఎల్లో కార్డు పడితే కనీసం ఐదు నిమిషాలు పదిమందితో ఆడాలి, అంటే క్వార్టర్‌లో మూడో వంతు. పదిమందితో నిలబడటం భారత్‌కు చేతకాదని కాదు. పారిస్ క్వార్టర్ ఫైనల్‌లో 17వ నిమిషంలోనే అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. మిగిలిన 43 నిమిషాలూ పదిమందితోనే ఆడి గ్రేట్ బ్రిటన్‌కు ఒక్క గోలే ఇచ్చారు. అంతా కలిసి కాచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆ కార్డు ఖరీదేమిటో కూడా వెంటనే తెలిసింది: నిషేధంతో రోహిదాస్ సెమీస్‌కు దూరమయ్యాడు, ఆ మ్యాచ్ 2-3తో పోయింది.

మూడోది షెడ్యూలు. అర్జెంటీనా, ఆస్ట్రేలియా, బెల్జియంలతో రెండేసి మ్యాచ్‌లూ వరుస రోజుల్లోనే పడ్డాయి. ఎదుటి జట్లూ ఆ రెండు రోజులూ ఆడాయి కాబట్టి ఇది సాకు కాదు. కానీ పదహారు రోజులు ఇంటికి దూరంగా తిరిగే జట్టుకు బెంచి బలం ఎంతో ఇలాంటప్పుడే తెలుస్తుంది. ఆ బెంచిని పెంచడానికే ఏళ్ల విరామం తర్వాత హాకీ ఇండియా లీగ్ మళ్లీ మొదలైంది. మన హైదరాబాద్ తూఫాన్స్ 2025 ఫిబ్రవరి 1న దాని ఫైనల్ ఆడి, బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడింది. స్కోరు 3-4. ఈ కథలో ఒక్క గోల్ తేడా తెలుగు అభిమానులనూ వదల్లేదు.

ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడిన హైదరాబాద్‌లో, గోల్‌కీపర్ రజని ఇటిమరపును ఇచ్చిన చిత్తూరు సీమలో హాకీ చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడి పిల్లలకు టర్ఫ్ మీద ఆడే రోజులు పెరిగితే ఆ బెంచిలో మనవాళ్లూ కనిపిస్తారు.

రాజ్‌గిర్ ఏం చెప్పింది?

రెండు నెలల తర్వాత బిహార్‌లోని రాజ్‌గిర్‌లో ఇదే జట్టు ఆసియా కప్ గెలిచింది. ఫైనల్లో దక్షిణ కొరియాపై 4-1. ఆసియా కప్ రావడం ఇది నాలుగోసారి, 2026 ప్రపంచకప్‌కు నేరుగా అర్హత కూడా దక్కింది. జూన్‌లో తిట్టినవాళ్లే సెప్టెంబరులో బాణసంచా కాల్చారు.

ఆ టోర్నీలో ఏడు మ్యాచ్‌ల్లో భారత్ 39 కొట్టి 9 ఇచ్చింది. కజకిస్థాన్‌పై 15-0ను పక్కన పెడితే ఆరు మ్యాచ్‌ల్లో 24 కొట్టి 9 ఇచ్చింది, మ్యాచ్‌కు 1.5. పారిస్, భువనేశ్వర్ సగటే మళ్లీ కనబడింది. మొదటి రెండు మ్యాచ్‌లు చైనాపై 4-3, జపాన్‌పై 3-2. యూరప్‌లో ఓడిన స్కోర్లతోనే ఇక్కడ గెలిచారు. అయితే ఆసియా జట్లపై సగటు బాగుపడినంత మాత్రాన జూన్ జబ్బు నయమైందనుకోకూడదు. నెదర్లాండ్స్, బెల్జియం, ఆస్ట్రేలియాల మీద ఆ అంకె ఎంతకు దిగిందన్నదే అసలు పరీక్ష.

అదే ప్రో లీగ్ సీజన్‌లో మన అమ్మాయిల జట్టు తొమ్మిది జట్లలో ఆఖరి స్థానంలో నిలిచి లీగ్ నుంచే కిందికి పడిపోయింది. పురుషుల జట్టు ఒక మెట్టు పైన నిలబడి గట్టెక్కింది, అంతే. పట్టికలో ఎనిమిదో స్థానానికీ లీగ్ నుంచి పడిపోవడానికీ మధ్య ఉన్నది ఒక్క స్థానమే.

కాబట్టి వాదించుకునేవాళ్లకు ఒక్క మాట. తర్వాతి ఓటమి వచ్చినప్పుడు, తప్పకుండా వస్తుంది, ఎవరిని తీసేయాలో తేల్చేముందు రెండు అంకెలు చూడండి: భారత్ ఎన్ని ఇచ్చింది, ఆఖరి క్వార్టర్‌లో ఎన్ని ఇచ్చింది. రెండు లోపే ఇచ్చి ఓడితే జట్టును చప్పట్లు కొట్టి పంపండి, గెలుపు దానంతటదే వస్తుంది. మ్యాచ్ తర్వాత మ్యాచ్ మూడేసి ఇస్తుంటే మాత్రం, గెలిచినా సరే, అప్పుడే అడగండి. 24 మ్యాచ్‌ల లెక్క చెప్పేది ఇదే: ఈ జట్టును ఓడిస్తున్నది గోల్స్ కరవు కాదు, మూడో గోల్.